మా అపార్ట్‌మెంట్‌లో జూలై 26: డీజే వద్దన్నాను సరే, మరి ఏం చేయాలి?

సర్జాపూర్_సతీష్ | జూలై 6, రాత్రి 10:40

నమస్తే అందరికీ. బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో మూడొందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. ఈసారి అసోసియేషన్‌లో సాంస్కృతిక కమిటీ నా నెత్తిన పడింది. ఉగాది, సంక్రాంతి అయితే కళ్ళు మూసుకుని చేసేస్తాం. చిక్కంతా జూలై 26 దగ్గర వచ్చింది, కార్గిల్ విజయ్ దివస్.

పోయినేడు ఏం జరిగిందో చెప్తాను. క్లబ్‌హౌస్ ముందు థర్మాకోల్ ట్యాంకు పెట్టారు, దాని ముందు సెల్ఫీలు. మూడు రంగుల టీషర్టులు, జుంబా, సమోసాలు. మధ్యలో ఎవరికో గుర్తొచ్చి "ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నారు. ఫోన్‌లో లాస్ట్ పోస్ట్ బ్యూగిల్ పెట్టి స్పీకర్‌కి కలిపారు. సగంలో యాడ్ వచ్చింది, ఏదో లోన్ యాప్‌ది. "అయిదు నిమిషాల్లో మీ ఖాతాలో డబ్బు" అని హుషారైన ఆడగొంతు. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. ఇంటికి వెళ్ళాక మాత్రం తిన్న సమోసా అరగలేదు.

ఈసారి డీజే వద్దని మీటింగ్‌లో గట్టిగా చెప్పాను. సెక్రటరీ గారు "సరే, వద్దు. దాని బదులు ఏం చేద్దామో నువ్వే చెప్పు" అన్నారు. అక్కడ నా నోరు పడిపోయింది. సైన్యంలో, బయటి దేశాల్లో, మన ఊళ్ళల్లో ఎలా చేస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి. బడ్జెట్ పదిహేను వేలు.

హిందూపురం_ఎక్స్‌ప్రెస్ | జూలై 6, రాత్రి 10:52

మౌనానికి బడ్జెట్ ఎందుకప్పా? నోరు మూసుకోవడం ఫ్రీ కదా.

తంబీ_సుబేదార్ | జూలై 7, ఉదయం 5:15

సతీష్ గారూ, నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యం ఇంజినీరింగ్ దళంలో పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. మా సెంటర్ ఇక్కడే, హలసూరు చెరువు పక్కన. సొంతూరు గిద్దలూరు దగ్గర, ఇప్పుడు ఉండేది కేఆర్ పురం. మా రెజిమెంట్‌లో అందరినీ తంబీలంటారు. తెలుగువాడైనా తంబీయే.

సైన్యంలో ఎలా చేస్తామో చెప్తాను. పొద్దున్నే స్మారకం దగ్గర ఫాలిన్, అంటే వరుసల్లో నిలబడటం. పెద్ద అధికారి పుష్పచక్రం పెడతారు. గార్డుకి "శోక శస్త్ర" అని ఆర్డర్ ఇస్తారు. అప్పుడు రైఫిల్‌ని మూతి నేలవైపు ఉండేలా తలకిందులుగా పట్టుకుని, తల వంచి నిలబడాలి. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్. తర్వాత రెండు నిమిషాల మౌనం. ఆ తర్వాత రౌజ్ అని ఇంకో ట్యూన్, ఇక లేవండి అన్నట్టు. అంతే. ఉపన్యాసం ఉండదు.

లాస్ట్ పోస్ట్ అసలు చావు కోసం పుట్టిన ట్యూన్ కాదు. పాతరోజుల్లో బ్రిటిష్ దండులో రాత్రి కాపలా పోస్టులన్నీ చూసొచ్చాక, ఈ రోజుకి పని అయింది, పడుకోండి అని ఊదేవాళ్ళు. అది సమాధుల దగ్గరికి ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో మాట. మీరు సమోసాలు తిన్నందుకు బాధపడుతున్నారు. అక్కర్లేదు. జూలై 26 గెలిచిన రోజు కూడా. మేం పొద్దున స్మారకం దగ్గర తల వంచుతాం, తర్వాత బడాఖానా పెట్టుకుంటాం. ఆఫీసర్లూ జవాన్లూ ఒకచోట తింటారు, నవ్వుకుంటారు. పోయినవాడి గురించి నిజంగా మాట్లాడుకునేది అక్కడే. వాడు ఎంత తిండిపోతో, ఎవరి దగ్గర అప్పు చేసి ఎగ్గొట్టాడో, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఎన్నిసార్లు చదివించుకున్నాడో. కాబట్టి తప్పు సమోసాలది కాదు. మౌనాన్ని తీసుకెళ్ళి సమోసాల మధ్య ఇరికించడం తప్పు.

మూడో మాట. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. రిటైరయ్యాక నన్ను చాలా సభలకి పిలిచారు. అలవాటు కొద్దీ వాచీ చూస్తుంటాను. ముప్పై అయిదు, నలభై సెకన్లు కాగానే మైకు దగ్గరున్నాయన గొంతు సవరించుకుని "ధన్యవాదాలు" అంటాడు. ఒక్కచోట కూడా 60 దాటలేదు.

చలిదేశం_రిటర్న్ | జూలై 7, ఉదయం 9:30

సుబేదార్ గారూ, ఆ 120 సెకన్ల మాట చదివి ఒళ్ళు జలదరించింది. ఎందుకో చెప్తాను.

నేను ఐండ్‌హోవెన్‌లో నాలుగేళ్ళు ఉండి వచ్చాను. నెదర్లాండ్స్‌లో మే 4 రాత్రి 8 గంటలకి రెండు నిమిషాలు ఆగుతారు. మొదటేడు నాకు ఆ సంగతే తెలియదు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటర్ దగ్గర ఉన్నాను. మైకులో డచ్‌లో ఏదో చెప్పారు. బెల్టు ఆగింది. కౌంటర్‌లో అమ్మాయి నా పెరుగు డబ్బా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మెషీన్ మొరాయించిందేమో అనుకుని "కార్డు పనిచేయడం లేదా?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. నా వెనకాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అప్పుడు వెలిగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా కదా, దాని మీద చెమ్మ చుక్కగా మారి ఆ అమ్మాయి వేలి మీంచి జారి బెల్టు మీద పడింది. ఇంకో చుక్క తయారైంది. అది కూడా పడింది. అప్పటికీ రెండు నిమిషాలు కాలేదు!

ట్రాములు, రైళ్ళు కూడా ఆపుతారు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ, తర్వాతి యుద్ధాల్లోనూ, శాంతి సేనల్లోనూ పోయినవాళ్ళందరి కోసం. అందులో సైనికులే కాదు, మామూలు జనం కూడా ఉన్నారు. మర్నాడు మే 5 వాళ్ళ విముక్తి దినం. పాటలు, బీరు, వీధంతా జాతర. మీరు చెప్పిన బడాఖానాయే, కాకపోతే మధ్యలో ఒక రాత్రి ఉంటుంది.

రాత్రిషిఫ్ట్ | జూలై 7, మధ్యాహ్నం 1:10

ఇలాంటిదే నాదొకటి. మా క్లయింట్ టెల్ అవీవ్‌లో ఉంటాడు. ఓసారి వీడియో కాల్ మధ్యలో "ఇంకో నిమిషంలో సైరన్ వస్తుంది, మేం లేచి నిలబడతాం, ఏమీ అనుకోకండి" అన్నాడు. అక్కడ పదకొండు, మనకి ఒంటిగంటన్నర. సైరన్ మొదలైంది. తెర మీద అయిదుగురు లేచి నిలబడ్డారు. వాళ్ళ వెనక కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, జనం తలుపులు తీసుకుని దిగి రోడ్డు మీదే నిలబడ్డారు. మా వైపు ఎనిమిది మందిమి ఇళ్ళల్లోంచి కాల్‌లో ఉన్నాం, నిలబడాలో కూర్చోవాలో తెలియక బిక్కమొహాలు వేశాం. అంతలో ఎవరింట్లోనో కుక్కర్ కూత పెట్టింది. మ్యూట్ చేసుకోలేదు మహానుభావుడు. మూడు విజిల్స్ వచ్చాయి. పప్పు అనుకుంటా.

అక్కడ కూడా ఆ సాయంత్రమే స్వాతంత్ర్య దినం మొదలవుతుందట. ఏడుపూ పండగా ఒకదాని వెనక ఒకటి.

మోడరేటర్ | జూలై 7, మధ్యాహ్నం 1:25

ఆ ప్రాంతపు రాజకీయాల మీద రెండు కామెంట్లు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

నాగోల్_టు_నాగవార | జూలై 7, సాయంత్రం 6:05

మన దగ్గర లేదన్నట్టు మాట్లాడుతున్నారేంది అందరూ? జనవరి 30 ఉంది కదా. గాంధీ గారు పోయిన రోజు, స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్ళ కోసం. కేంద్ర హోంశాఖ నుంచి సర్క్యులర్ వస్తుంది: 10:59కి సైరన్ మోగాలి, 11 నుంచి రెండు నిమిషాలు దేశమంతా పని ఆపి లేచి నిలబడాలి, 11:02కి మళ్ళీ సైరన్. కాగితం మీద డచ్చోళ్ళకేం తీసిపోము.

మా టెక్‌పార్కులో సరిగ్గా పదకొండింటికి మాకు స్టాండప్ మీటింగ్. పేరుకే స్టాండప్, అందరూ కుర్చీల్లో కూలబడి ఉంటారు. పోయిన జనవరిలో దూరంగా ఏదో సైరన్ వినపడితే "అంబులెన్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టుంది" అన్నాడు మా మేనేజర్. నాకు అసలు సంగతి తెలుసు. తెలిసీ లేవలేదు.

సతీష్ అన్నా, మీ అపార్ట్‌మెంట్ జెండాను ఆ రోజు సగానికి దించితే ఎట్లుంటుంది?

తంబీ_సుబేదార్ | జూలై 7, సాయంత్రం 6:40

వద్దు తమ్ముడూ. జెండాని సగానికి దించడం మన ఇష్టం కాదు, ప్రభుత్వం ఆదేశం ఇచ్చినప్పుడే. ఫ్లాగ్ కోడ్‌లో ఉంది. అమెరికాలో మే నెల చివరి సోమవారం మెమోరియల్ డేకి మధ్యాహ్నం దాకా సగానికి దించి, తర్వాత పైదాకా ఎత్తుతారు. అది వాళ్ళ పద్ధతి. మనం చేస్తే పేచీ.

పాత_పేపర్లు | జూలై 7, రాత్రి 11:20

అమెరికా సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వాళ్ళ మెమోరియల్ డే 1868లో సమాధుల మీద పూలు పెట్టే రోజుగా మొదలైంది. రానురాను పరుపుల సేలు, పెరట్లో మాంసం కాల్చుకునే సెలవు అయిపోయింది. చివరికి 2000లో చట్టం చేసి, ఆ రోజు మధ్యాహ్నం 3 గంటలకి ఒక్క నిమిషం ఆగండి అని జనానికి గుర్తు చేయాల్సి వచ్చింది. మన ఆగస్టు 15 సేళ్ళు చూసి ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు కాస్త ఊరట పడొచ్చు.

ఈ రెండు నిమిషాల కథ కూడా తమాషాగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న 1918 మే నెలలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మొదలైంది. అక్కడ ఆదివారాలు తప్ప రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. అది పేలగానే ఊరంతా ఆగాలని మేయరు పెట్టాడు. మొదట మూడు నిమిషాలు అనుకున్నారు, మరీ ఎక్కువైందని రెండుకి తగ్గించారు. కొడుకుని యుద్ధంలో పోగొట్టుకున్న పెర్సీ ఫిట్జ్‌పాట్రిక్ అనే ఆయన ఈ సంగతి లండన్‌కి రాశాడు. 1919 నవంబర్ 11న పదకొండింటికి ఐదో జార్జి రాజు పిలుపు మీద బ్రిటన్ సామ్రాజ్యమంతా ఆగింది. అంటే మనమూ ఆగే ఉంటాం, సామ్రాజ్యంలో మనమూ ఉన్నాం కాబట్టి.

లండన్‌లో వాళ్ళు తల వంచే యుద్ధ స్మారకం సెనొటాఫ్ గీసిన లట్యెన్స్ దొరే మన ఢిల్లీ ఇండియా గేటు కూడా గీశాడు. దాని కింద అమర్ జవాన్ జ్యోతి మాత్రం మనది, 1971 యుద్ధం తర్వాత 1972 జనవరి 26న వెలిగించారు. 2022లో దాన్ని తీసుకెళ్ళి, 2019లో కట్టిన నేషనల్ వార్ మెమోరియల్ జ్యోతిలో కలిపారు. అప్పుడు టీవీల్లో జరిగిన యుద్ధం మీకు గుర్తుండే ఉంటుంది, నేను మళ్ళీ మొదలుపెట్టను.

రాళ్ళవేట | జూలై 8, ఉదయం 7:45

మీరు కేప్‌టౌన్ దాకా వెళ్ళారు గానీ, మనం కూర్చున్న ఈ ఊరి పేరు మొట్టమొదట ఎక్కడ కనిపించిందో ఎవరికైనా తెలుసా? యుద్ధంలో చచ్చిపోయిన ఒక మనిషి కోసం చెక్కిన రాయి మీద.

ఎలక్ట్రానిక్ సిటీ వెళ్ళే దారిలో లోపలికి పోతే బేగూరు. అక్కడ నాగేశ్వరుడి గుడి ఆవరణలో హళెగన్నడ, అంటే పాత కన్నడ శాసనం ఉంది. సుమారు 890 నాటిది, గంగరాజుల కాలం. "బెంగళూరు కాళగ"లో, అంటే బెంగళూరు యుద్ధంలో, నాగత్తరుడనే నాయకుడి మనిషి ఒకడు పోయాడని అందులో ఉంది. ఈ ఊరికి పేరు తెచ్చిందని చెప్పే ఉడకబెట్టిన చిక్కుడుగింజల ముసలమ్మ కథ తర్వాత ఎప్పుడో అల్లుకున్నది. ఆ కథకంటే కొన్ని వందల ఏళ్ళ ముందే ఈ పేరుంది, ఒక మనిషి చావు కబురులో.

పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపే ఇలాంటి రాయిని వీరగల్లు అంటారు. దాన్ని మామూలుగా కింది నుంచి పైకి చదవాలి. కింది అరలో పోరు. మధ్య అరలో అప్సరసలు వీరుణ్ణి చెరో పక్కనా పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పైన శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. మొదట్లో నేను పై నుంచి కిందికి చదివి, ఈయన పూజ చేసుకుని యుద్ధానికి వెళ్ళాడు కాబోలు అనుకునేవాణ్ణి.

ఇందిరాగాంధీ మ్యూజికల్ ఫౌంటెన్ పార్కులో సైనిక స్మారకం కట్టినప్పుడు కూడా ఈ సంప్రదాయాన్నే పట్టుకున్నారు. 75 అడుగుల ఏకశిల, వీరగల్లు అనే అంటారు. ప్లానెటేరియంకి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు రోడ్డు దాటితే చాలు, ఎవరూ దాటరు. ఇక బ్రిగేడ్ రోడ్డూ రెసిడెన్సీ రోడ్డూ కలిసేచోట రాతి స్తంభం ఉంది చూశారా? "స్తంభం దగ్గర ఉన్నా, రా" అని ఫ్రెండ్స్‌కి లొకేషన్ చెప్పేది. అది మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన మద్రాస్ పయనీర్లనే పాత సైనిక దళంవాళ్ళ స్మారకం. సుబేదార్ గారి పూర్వీకులన్నమాట, ఆ పయనీర్లని 1933లో రద్దు చేసినప్పుడు చాలామంది సాపర్స్‌లోనే కలిశారు.

హిందూపురం_ఎక్స్‌ప్రెస్ | జూలై 8, ఉదయం 8:30

మా చేను గట్టున అట్లాంటి రాయి ఒకటుంది. కత్తి పట్టుకున్న మనిషి, మొహం అరిగిపోయింది. మా జేజి ప్రతి శ్రావణంలో దానికి పసుపు రాసి టెంకాయ కొడుతుంది. ఏం దేవుడు జేజీ అని అడిగితే "వీరప్పరా" అంటుంది. ఎవరో తెలీదు, ఎప్పుడు చచ్చినాడో తెలీదు. ఏ రాజ్యం కోసమో కూడా తెలీదు. అయినా ఏటా టెంకాయ ఆగలేదు. మొన్నటిదాకా నేను దాని మీద కూర్చుని ఫోన్ చూసేవాణ్ణి. రాళ్ళవేట అన్నా, ఫోటో పంపిస్తా, చూసి చెప్పు.

కోడిపోరు_కల్యాణి | జూలై 8, మధ్యాహ్నం 12:15

ఇంకెవరైనా చెప్తారేమోనని ఆగాను, చెప్పడం లేదు. మాది కారెంపూడి పక్కన పల్లె. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం అయిపోయింది. మా ఊళ్ళో ఇంకా అవలేదు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు మళ్ళీ జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఒక్కోరోజు యుద్ధంలో ఒక్కో ఘట్టం. వీరాచారం పాటించే కుటుంబాలవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కొణతాలు మోసుకుని వస్తారు. కొణతం అంటే వాళ్ళింటి వీరుడి ఆయుధం. ఏడాదంతా ఇంట్లో దేవుడిలా పూజ అందుకుని, ఆ అయిదు రోజులు నాగులేటి ఒడ్డుకి వస్తుంది.

మందపోరు రోజు చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒక చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని చెప్పుకుంటాం కదా, దాని గుర్తుగా. చివరి రోజు కల్లిపాడు, వీరులు ఒరిగిపోయేది. ఆ రోజు వీరావేశంతో ఊగేవాళ్ళని చూసి చిన్నప్పుడు మా అమ్మ కొంగు వెనక దాక్కున్నాను. ఆచారవంతుడు ఒకాయన నేల మీద పడిపోయాడు, పక్కవాళ్ళు గుడ్డ కప్పారు. నిజంగా చచ్చిపోయాడనుకుని ఏడ్చాను. సాయంత్రం ఆయనే బస్టాండు దగ్గర టీ తాగుతూ కనిపించాడు.

మౌనం మనకి అలవాటు లేని పద్ధతి అనిపిస్తుంది నాకు. మనం పోయినవాళ్ళని కథ చెప్పి, డప్పు కొట్టి, అన్నం పెట్టి తలుచుకుంటాం. అందుకే నలభై సెకన్లకే ఊపిరాడదు.

తంబీ_సుబేదార్ | జూలై 8, సాయంత్రం 4:50

కల్యాణమ్మా, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. మాకు మౌనం డ్రిల్లుతో వచ్చింది. డ్రిల్లు లేకపోతే మేమూ కదిలేవాళ్ళమే.

మూడో_అంతస్తు | జూలై 9, రాత్రి 12:35

ఈ ఫోరమ్‌లో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా ఆయన తమ్ముడు సైన్యంలో పోయాడు. ఎక్కడ, ఎప్పుడు అని అడక్కండి.

మొదటి రెండేళ్ళు ఆగస్టు 15కి, జనవరి 26కి, వాడి తారీఖుకి కార్లు పంపి పిలిచేవారు. అత్తయ్యని స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పి మెమెంటో ఇచ్చేవారు. బీరువాలో శాలువాలు పదిహేడు ఉన్నాయి. అన్నీ ఒకే రకం, బంగారు అంచుది. ఓ ఊళ్ళో వాడి పేరు తప్పుగా చదివారు. ఇంటిపేరు వేరేవాళ్ళది. అత్తయ్య పక్కనున్నాయన చెవిలో సరిచేయబోయింది, ఆయన "సరేనమ్మా సరే" అని భుజం తట్టాడు. వచ్చేటప్పుడు కారులో ఆమె ఒక్క మాటే అంది, "మనోడి దండ ఇంకెవరికో వేశారే" అని.

మూడో ఏటి నుంచి ఫోన్లు తగ్గాయి. దానికి బాధలేదు, హాయిగానే ఉంది.

మీకు చెప్పాలనుకున్నది ఇది. ఎవరైనా కుటుంబాన్ని పిలవాలనుకుంటే ముందు అడగండి, రామంటే వదిలేయండి. శాలువా వద్దు. ఎండలో కూర్చోబెట్టకండి. పేరు చదివేటట్టయితే ముందురోజు ఫోన్ చేసి ఎలా పలకాలో అడిగి రాసుకోండి.

సర్జాపూర్_సతీష్ | జూలై 9, ఉదయం 8:10

రాత్రి చదివి నిద్ర పట్టలేదు అక్కా. శాలువాలకి మూడు వేలు రాసి ఉన్నాను. కొట్టేశాను.

హిందూపురం_ఎక్స్‌ప్రెస్ | జూలై 10, సాయంత్రం 7:20

నాదొక డౌటు. కోపం తెచ్చుకోవద్దు. సైనికుడికే ఎందుకు ఇదంతా? పోలీసులు చావడం లేదా? మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక పోయినవాళ్ళు?

పాత_పేపర్లు | జూలై 10, రాత్రి 9:00

పోలీసులకి అక్టోబర్ 21 ఉంది. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో మన పోలీసులు పది మంది పోయారు. అప్పటి నుంచి ఆ తారీఖున ఏటా పరేడ్ చేసి, ఆ ఏడు విధుల్లో పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. మ్యాన్‌హోల్ వాళ్ళకి రోజు లేదు. మీరు అడిగింది తప్పు ప్రశ్న కాదు, కానీ దానికి ఈ రోజుని తగ్గించడం కాదు, ఆ రోజుని కూడా పెట్టడం జవాబు అనుకుంటా.

తంబీ_సుబేదార్ | జూలై 10, రాత్రి 9:15

సైనికుల కోసం డిసెంబర్ 7 కూడా ఉంది, ఫ్లాగ్ డే. 1949 నుంచి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితపు జెండా చొక్కాకి గుచ్చి డబ్బాలో డబ్బులు అడుగుతారు. ఆ డబ్బు పోయినవాళ్ళ ఇళ్ళకి, గాయపడినవాళ్ళకి, మాజీ సైనికులకి. సతీష్ గారూ, మీ పదిహేను వేలలో మిగిలింది దానికి పంపండి.

చలిదేశం_రిటర్న్ | జూలై 11, ఉదయం 10:05

పేర్లు చదవడం మంచి ఆలోచన. ఓ శనాదివారాలు బెల్జియంలో ఈపర్ ఊరికి వెళ్ళాం. అక్కడ మెనిన్ గేట్ అని పెద్ద కమాను, దాని గోడలనిండా మొదటి ప్రపంచ యుద్ధంలో శవం కూడా దొరకనివాళ్ళ పేర్లు, యాభై వేలు పైనే. 1928లో మొదలై, 1929 నుంచి రోజూ రాత్రి 8 గంటలకి ట్రాఫిక్ ఆపి బ్యూగిల్ ఊదుతారు. జర్మన్లు ఊరిని పట్టుకున్న రోజుల్లో మాత్రమే ఆగింది. మేం వెళ్ళిన రాత్రి సన్నగా వాన. గోడ మీద మన రెజిమెంట్ల పేర్లు కనిపించాయి. అక్కడ ఎవరూ సెల్ఫీ తీసుకోలేదు, అంటే గొప్ప అని కాదు, బ్యూగిల్ అంత దగ్గరగా వినిపిస్తే చెయ్యి జేబులోకి పోదు.

రాత్రిషిఫ్ట్ | జూలై 11, ఉదయం 10:40

కార్గిల్‌లో పోయినవాళ్ళు 527 మంది. ఒక్కో పేరుకి నాలుగు సెకన్లు వేసుకున్నా 35 నిమిషాలు. అపార్ట్‌మెంట్ జనం నిలబడతారా?

సర్జాపూర్_సతీష్ | జూలై 12, రాత్రి 10:00

నిలబడరు. కమిటీలో గొడవపడి ఇలా తేల్చాం. ఉదయం 7 గంటలకి, బాస్కెట్‌బాల్ కోర్టులో. మైకు లేదు, స్పీకర్ లేదు. అరవై పేర్లు, నేషనల్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో వెతికి తీసినవి, ఎనిమిదో తరగతి పైబడ్డ పిల్లలు చదువుతారు. తర్వాత విజిల్, రెండు నిమిషాలు, మళ్ళీ విజిల్. పది గంటలకి క్లబ్‌హౌస్‌లో టిఫిన్, అక్కడ ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడుకోవచ్చు. మన హైదరాబాద్ కుర్రాడు మేజర్ పద్మపాణి ఆచార్య వాళ్ళ నాన్నకి రాసిన ఉత్తరం సంగతి మా ఆవిడ చెప్తానంది. కడుపుతో ఉన్న భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమని అడిగాడు, కొన్నాళ్ళకే 1999 జూన్ 28న పోయాడు. ఉత్తరం మొత్తం చదవలేనని, ఆ ఒక్క సంగతే చెప్తానని అంది.

సెక్రటరీ గారు థర్మాకోల్ ట్యాంకు ఎక్కడ పెడదాం అని మళ్ళీ అడిగారు. స్టోర్‌రూమ్‌లో అన్నాను.

తంబీ_సుబేదార్ | జూలై 13, ఉదయం 5:20

విజిల్ మీ దగ్గర ఉందా? ప్లాస్టిక్‌ది వద్దు. నా దగ్గర ఇత్తడిది ఉంది. అడ్రస్ మెసేజ్ చేయండి.

సర్జాపూర్_సతీష్ | జూలై 26, మధ్యాహ్నం 3:30

అయింది. ఉన్నదున్నట్టు చెప్తాను.

మూడొందల ఇళ్ళకి నలభై ఒక్క మంది వచ్చారు. ఆదివారం ఏడింటికి అదే ఎక్కువ. సుబేదార్ గారు కేఆర్ పురం నుంచి స్కూటర్ మీద ఆరున్నరకే వచ్చి, కోర్టులో గీత ఎక్కడుందో చూసి, "పిల్లలు ఇక్కడ, మీరు అక్కడ" అని నిలబెట్టారు. కోటుకి మెడల్స్ ఉంటాయేమో అనుకున్నా. మామూలు తెల్ల చొక్కా, ఇస్త్రీ మాత్రం కత్తిలా ఉంది.

పేర్లు చదవడం అనుకున్నంత సులువు కాలేదు. నాగాలాండ్ పేర్లు, లడఖ్ పేర్లు, గఢ్వాల్ పేర్లు. ముందురోజు సాయంత్రం ప్రాక్టీస్ చేయించాం, అయినా తడబడ్డారు. ఒక అమ్మాయి ఒకే పేరు మూడుసార్లు చదివింది, సరిగ్గా వచ్చేదాకా. ఎవరూ తొందరపెట్టలేదు. అరవై పేర్లకి పదకొండు నిమిషాలు పట్టింది.

తర్వాత విజిల్. మొదటి అరనిమిషం బాగానే ఉంది. నలభై దగ్గర సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు, నాకు గుండె ఆగింది. సుబేదార్ గారు తల తిప్పకుండా అరచెయ్యి కొంచెం లేపారు, అంతే. ఆయన ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే నీళ్ళ ట్యాంకర్ గేట్లోకి వచ్చింది, రివర్స్ హారన్ పాటతో సహా. అది ఆగలేదు, దాన్ని ఆపాలని ఎవరూ పోలేదు. పైపు వేశారు, సంపులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. చలిదేశం గారూ, మీ పెరుగు డబ్బా గుర్తొచ్చింది. నా ముందున్న పెద్దాయన హవాయి చెప్పు పట్టీ దగ్గర చీమ ఎక్కింది, మడమ మీంచి పైకి పోయింది, ఆయన కదల్లేదు. చీమ తిరిగి దిగేదాకా చూశాను.

టిఫిన్‌లో ఇడ్లీ, వడ, కేసరిబాత్. సుబేదార్ గారు వాళ్ళ యూనిట్‌లో ఒకడు పోకముందు రమ్‌లో నాలుగు పెగ్గుల అప్పు ఉండేవాడని చెప్పి అందరినీ నవ్వించారు, తర్వాత ఆయనే కాసేపు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఖర్చు తొమ్మిది వేల రెండొందలు. మిగిలింది డిసెంబర్ దాకా పక్కన పెట్టాం.

మూడో_అంతస్తు | జూలై 26, సాయంత్రం 5:10

ఆ అమ్మాయికి మా తరఫున చెప్పండి. మూడుసార్లు చదివిన అమ్మాయికి.

రాళ్ళవేట | జూలై 26, సాయంత్రం 6:00

వచ్చే ఆదివారం బేగూరు వెళ్తున్నాను, పొద్దున ఏడింటికి. వచ్చేవాళ్ళు చెప్పండి. హిందూపురం తమ్ముడూ, నీ ఫోటో చూశాను, వీరగల్లే. కింద రెండు వరుసల అక్షరాలున్నాయి, మట్టి కప్పేసింది. గోకకు. నీళ్ళతో కడుగు.

హిందూపురం_ఎక్స్‌ప్రెస్ | జూలై 26, సాయంత్రం 6:15

కడుగుతా. జేజిని అడిగి కడుగుతా.

సతీష్ అన్నా, ఇంతకీ ఎన్ని సెకన్లు?

సర్జాపూర్_సతీష్ | జూలై 26, సాయంత్రం 6:20

మా అబ్బాయి స్టాప్‌వాచ్ పెట్టాడు. నూట ఇరవై మూడు.

తంబీ_సుబేదార్ | జూలై 26, సాయంత్రం 6:45

మూడు ఎక్కువ. విజిల్ తీయడం ఆలస్యమైంది. తప్పు నాదే.